మాస్టారు, మేస్త్రి, మూడు లీటర్ల నూనె

మాస్టారు మా ఆయన. తెనాలిలో ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతారు. మేస్త్రి మా తమ్ముడు. విజయవాడ ఆటోనగర్‌లో పాతికేళ్లుగా కార్ల ఇంజన్లు విప్పుతూ బిగిస్తూ బతుకుతున్నాడు. ఒకరంటే ఒకరికి ఎంత ప్రాణమైనా, మా కారుకు ఇంజన్ ఆయిల్ మార్చే దగ్గర మాత్రం ఇద్దరికీ పడదు. ఇంట్లోనే మార్చుకోవచ్చని ఈయన, షెడ్డుకు తేవాల్సిందేనని వాడు. మొన్న ఆదివారం తమ్ముడు వచ్చేసరికి ఆయన కారు కింద దూరి ఉన్నారు. అక్కడ మొదలైన వాదన భోజనాల వేళ దాకా సాగింది. నేను గడపలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ విన్నాను. నలుగురికీ పనికొచ్చే మాటలనిపించి రాసి పెడుతున్నాను.

మేస్త్రి: బావా, ముందు బయటికి రండి. కారు దేని మీద నిలబెట్టారో చూడనివ్వండి.

మాస్టారు: జాకీ మీద కాదులే. ఇనప ర్యాంపుల మీదికి ఎక్కించాను. హ్యాండ్‌బ్రేకు వేశాను, గేరులో పెట్టాను, వెనక చక్రాలకు చెక్క దిమ్మెలు అడ్డం పెట్టాను.

మేస్త్రి: అంతవరకు బాగుంది. జాకీ ఉన్నది ఎత్తడానికి, చక్రం మార్చేంతసేపు ఆపడానికి. దాని మీద కారు నిలిపి కిందికి దూరేవాళ్లను, ఇటుకలు పేర్చి దూరేవాళ్లను చూస్తే నాకు చెమటలు పడతాయి. ఇటుక పగిలే ముందు చెప్పి పగలదు. సరే, ఇంత శ్రమ ఎందుకు మీకు? ఫోన్ చేస్తే కుర్రాణ్ణి పంపి కారు తెప్పించుకునేవాణ్ణిగా?

మాస్టారు: ఐదేళ్ల కిందట జరిగింది నీకు చెప్పలేదు కదూ. ఒక సర్వీసు సెంటర్‌లో కారు ఇచ్చే ముందు పాత ఫిల్టరు మీద తెల్ల పెయింటుతో చిన్న చుక్క పెట్టాను. ఎందుకు పెట్టానంటే, అంతకుముందు ఏడు పాత ఫిల్టరు చూపించమంటే ‘పారేశాం సార్’ అన్నారు. సాయంత్రం బిల్లు చేతికొచ్చింది. ఆయిల్ ఇంత, ఫిల్టరు ఇంత, వాషరు ఇంత, కూలీ ఇంత. ఇంటికొచ్చి టార్చిలైటు వేసి చూస్తే నా చుక్క అక్కడే ఉంది. పోయిన డబ్బు చిన్నదే. కానీ ఫిల్టరు మార్చనివాళ్లు ఆయిల్ మార్చారని నేనెలా నమ్మాలి? ఆ మర్నాడే రింగు పానా కొన్నాను.

మేస్త్రి: తప్పే. కాదనను. అలాంటివాళ్ల వల్లే మా అందరి మీదా మచ్చ. అయినా ఒక షెడ్డులో మోసపోయామని అన్ని షెడ్లూ మానేస్తారా? లిఫ్టు మీద కారు ఎక్కితే నాకు ఆయిల్ బోల్టు ఒక్కటే కనబడదు బావా. యాక్సిల్ రబ్బరు బూటు చిరిగి గ్రీజు కక్కుతుంటే కనబడుతుంది. బ్రేకు గొట్టం ఒరుసుకుపోతుంటే కనబడుతుంది. గేర్‌బాక్సు చెమర్చుతుంటే కనబడుతుంది. ఆయిల్ మార్పు పేరుతో ఏడాదికోసారి బండి పొట్టంతా తడిమి చూస్తాం. మీరు బోల్టు విప్పి బిగించి వచ్చేస్తారు.

మాస్టారు: ఆ తడిమి చూసిందేదో బండి యజమానిని పిలిచి చూపిస్తావా? అద్దాల గది అవతల కూర్చోబెట్టి, చివర్లో పేర్ల చిట్టా చదివి వినిపిస్తే నాకేం తెలుస్తుంది? నా కళ్లతో నేను చూసుకోవాలంటే నేనే కిందికి దూరాలి. బూటు చిరిగిందీ లేనిదీ ఈ ఐదేళ్లలో నేనూ నేర్చుకున్నాను.

తమ్ముడు దీనికి జవాబు చెప్పలేదు. కాసేపు మౌనంగా ఉండి, పక్కనున్న ప్లాస్టిక్ పళ్లెంలోకి తొంగి చూశాడు. నా ఉద్దేశంలో ఈ విషయంలో మా ఆయనదే న్యాయం. లిఫ్టు కింద నిలబడి చూసే హక్కు కారు గలవాడికి ఉండాలి.

మేస్త్రి: ఇంజన్ వేడి చేశారా?

మాస్టారు: ఐదు నిమిషాలు నడిపి ఆపాను. గోరువెచ్చగా ఉంటే నూనె పలచబడి మడ్డితో సహా దిగుతుంది. దూరం వెళ్లొచ్చి వెంటనే విప్పితే చెయ్యి బొబ్బలెక్కుతుంది.

మేస్త్రి: బోల్టు ఎంత బిగిస్తారు? అసలు గొడవ అక్కడే. విప్పడం ఎవడైనా విప్పుతాడు. చాలా కార్లకు ఆయిల్ ఛాంబర్ అల్యూమినియంది, బోల్టు ఉక్కుది. కారిపోతుందేమోనన్న భయంతో ఇంకొంచెం, ఇంకొంచెం అని లాగుతారు. లోపల థ్రెడ్డు తెగుతుంది. ఆ పూట తెలియదు. మళ్లీ ఏడాది విప్పినప్పుడు అల్యూమినియం పొట్టుతో సహా ఊడొస్తుంది. అలాంటివి నెలకొకటైనా నా దగ్గరికొస్తాయి. వాటిలో సగం ఇంటి పనివే.

మాస్టారు: మిగతా సగం?

మేస్త్రి: మిగతా సగం మా పిల్లలవే. పనికి కొత్తగా చేరిన కుర్రాడు బలమంతా చూపించి బిగిస్తాడు. మా షెడ్డులోనూ ఒకటి జరిగింది. కొత్త ఛాంబర్ నా ఖర్చుతో వేయించి ఇచ్చాను.

మాస్టారు: అందుకే నేను పుస్తకం చూసి బిగిస్తాను. ఈ కారుకు 35 న్యూటన్ మీటర్లని ఉంది. పావు మీటరు పొడుగున్న పానా చివర 14 కిలోల బరువు వేలాడదీసినంత. అంతే కావాలి. టార్క్ రెంచి కొన్నాక తెలిసింది, అంతకుముందు రెండేళ్లు ఎంత ఎక్కువ బిగించానో. ఇంకో సంగతి, బోల్టు కింది వాషరు ప్రతిసారీ కొత్తది వేస్తాను. మెత్తటి లోహం అది, ఒకసారి నలిగి సందు మూసేసిందంటే దాని పని అయిపోయినట్టే. పాతదే మళ్లీ వేస్తే కారుతుంది. కారుతోందని ఇంకా బిగిస్తారు. థ్రెడ్డు పోయేది సగం అందుకే.

మేస్త్రి: ఇది మా కుర్రాళ్లకు మీరొచ్చి చెప్పాలి.

ఫిల్టరు దగ్గరికొచ్చేసరికి తమ్ముడు చొక్కా చేతులు మడిచి తనూ కింద కూర్చున్నాడు. వాదన ఆగలేదు గానీ, చెయ్యి మాత్రం సాయం వెళ్లింది. పట్టీ రెంచి వేసి పాత డబ్బా వదులు చేశాడు. మిగతాది చేత్తోనే తిరిగింది.

మేస్త్రి: ఆగండి. కొత్తది పెట్టకండి. పాతదాని మూతికి రబ్బరు రింగు ఉందా చూడండి ముందు.

మాస్టారు: ఉంది. ఊడొచ్చింది.

మేస్త్రి: బతికాం. ఒకాయన ఇంట్లో ఫిల్టరు మార్చుకున్నాడు. పాత రింగు ఇంజన్‌కే అతుక్కుపోయింది. దాని మీద కొత్త రింగుతో కొత్త ఫిల్టరు బిగించాడు. ఇంటి దగ్గర స్టార్ట్ చేస్తే చుక్క కారలేదు. హైవే ఎక్కి వేగం అందుకునేసరికి ఆయిల్ ఒత్తిడికి రెండు రింగులూ పక్కకు జారాయి. నూనె మొత్తం రోడ్డు పాలు. ఎర్ర లైటు వెలిగినా, ఇంకో రెండు కిలోమీటర్లలో పెట్రోలు బంకు ఉందని నడిపాడు. క్రాంక్ పట్టేసింది. ఇంజన్ విప్పి చూస్తే బేరింగులు నల్లగా మాడి ఉన్నాయి. కూలీ మిగుల్చుకుందామని చేసిన పని అది. మీరు చెప్పండి, దానికి ఎవరిని తిట్టాలి?

మాస్టారు: ఫిల్టరు మార్చినందుకు తిట్టను. లైటు వెలిగాక నడిపినందుకు తిడతాను. ఆ ఎర్ర లైటు నూనె తగ్గిందని చెప్పే లైటు కాదు, ఒత్తిడి పడిపోయిందని చెప్పేది. అది వెలిగిన క్షణానే ఇంజన్ ఆపాలి. కారు నడిపే ప్రతివాడికీ ఇది తెలియాలి, పానా పట్టినా పట్టకపోయినా.

మేస్త్రి: ఆ మాటకు ఒప్పుకుంటాను.

కొత్త ఫిల్టరు రబ్బరుకు వేలితో కాస్త కొత్త నూనె రాశారు. రింగు ఆనేదాకా చేత్తో తిప్పి, ఆ తర్వాత ముప్పావు చుట్టు. రెంచి ముట్టుకోలేదు. ఆ డబ్బాలో ఏముంటుందని అడిగాను. మా ఆయన తరగతిలో చెప్పినట్టే చెప్పారు. లోపల మడతలు మడతలుగా కాగితం. నూనె అందులోంచి వడకట్టుకుని బయటికొస్తుంది. ఇంజన్ ఆగినప్పుడు నూనె వెనక్కి జారిపోకుండా ఒక రబ్బరు మూత. కాగితం పూర్తిగా పూడుకుపోతే తెరుచుకునే స్ప్రింగు తలుపు ఇంకొకటి. ఆ తలుపు తెరుచుకుంటే వడకట్టని నూనే ఇంజన్‌లోకి పోతుంది. బొత్తిగా నూనె అందకపోవడం కంటే మురికి నూనె నయమని చేసిన ఏర్పాటు అది. నూనె మార్చి ఫిల్టరు వదిలేసినవాడి ఇంజన్ ఆ తలుపు మీద ఆధారపడి బతుకుతుందన్నమాట.

కారుకు తొలినాళ్లలో ఈ ఫిల్టరే లేదట. 1923లో అమెరికాలో ఎర్నెస్ట్ స్వీట్‌లాండ్ అనే ఆయన కనిపెట్టి ప్యూరోలేటర్ అని పేరు పెట్టారు. మా తాతగారి ఎడ్లబండి ఇరుసుకు ఆముదంతో కందెన వేయడం నేను చిన్నప్పుడు చూశాను. ఆ మాటంటే మా ఆయన, క్యాస్ట్రాల్ అన్న పేరు కూడా ఆముదం నుంచి వచ్చిందేనని, 1909లో ఆ నూనెలో ఆముదం కలిపినందుకే ఆ పేరు పెట్టారని చెప్పారు. ఎడ్లబండికీ కారుకీ ఇంత చుట్టరికం ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

మేస్త్రి: ఏ నూనె పోస్తున్నారు?

మాస్టారు: 5డబ్ల్యూ–30. పుస్తకంలో ఉన్నదే. మూడు లీటర్ల పైచిలుకు పడుతుంది. ముందు మూడే పోసి, స్టార్ట్ చేసి, లైటు ఆరాక ఆపి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి మిగతాది పోస్తాను.

మేస్త్రి: చిక్కటిది పోస్తే మన ఎండలకు మంచిదని చాలామంది 20డబ్ల్యూ–50 అడుగుతారు.

మాస్టారు: నువ్వేమంటావు?

మేస్త్రి: పాత అంబాసిడర్‌కైతే పోస్తాను. ఇప్పటి ఇంజన్లలో సందులు సన్నం. చిక్కటి నూనె పొద్దున్నే పైదాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది. ఆ కాసేపట్లోనే అరుగుదల ఎక్కువ. కంపెనీ రాసిందే పోయాలి. ఇక కొత్త డీజిల్ బండ్ల సంగతి వేరే. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్–6 డీజిల్ కార్లకు పొగ గొట్టంలో మసి పట్టే ఫిల్టరు ఉంటుంది. వాటికి బూడిద తక్కువ మిగిల్చే నూనే వాడాలి. మామూలుది పోస్తే ఆ బూడిద ఫిల్టరులో పేరుకుంటుంది. మసిలాగా కాలిపోయేది కాదది. ఆ ఫిల్టరు ఖరీదు వింటే కళ్లు తిరుగుతాయి. ఫోన్‌లో నాలుగు నిమిషాల వీడియో చూసి పానా పట్టేవాడికి ఇవన్నీ తెలుసా? మీరు చదువుకున్నవారు, పుస్తకం తీస్తారు. అందరూ తీస్తారా?

మాస్టారు: తీయమని చెబుదాం. మానేయమని చెప్పడం దేనికి? బండి వారంటీలో ఉన్నన్నాళ్లు కంపెనీ షెడ్డుకే పంపమంటాను. నేనూ అలాగే పంపాను. ఆ తర్వాతైనా బండి గలవాడు దాని బాగోగులు తెలుసుకోకపోతే ఎలా?

ఇక్కడ తెగలేదు. ఇద్దరూ చెరో మాటమీదే నిలబడ్డారు. ఆ తర్వాత, ఎన్నాళ్లకొకసారి మార్చాలన్న చోట మాత్రం మా ఆయన ఓడిపోయారు.

మాస్టారు: పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. నాకు ఏడాదికి మూడు వేలు కూడా తిరగదు. అసలు రెండేళ్లకోసారి మార్చినా చాలని అనుకుంటున్నాను. పైగా నువ్వేమో నల్లబడింది, నల్లబడింది అంటావు. నల్లబడటం నూనె పాడవడం కాదయ్యా. అందులోని మందులు మసిని పట్టి ఉంచి, ముద్దకట్టకుండా చూస్తున్నాయని అర్థం.

మేస్త్రి: నలుపు సంగతి ఒప్పుకున్నాను. డీజిల్ బండికి వేసిన వారానికే నల్లబడుతుంది. కానీ మీరు రోజూ కాలేజీకి ఎంత దూరం వెళ్తారు?

మాస్టారు: మూడు కిలోమీటర్లు.

మేస్త్రి: ఇంజన్ పూర్తిగా వేడెక్కేలోపే ఆపేస్తారు. మీరే చెప్పండి, పెట్రోలు మండితే ఏమొస్తుంది?

మాస్టారు: కార్బన్ డయాక్సైడు, నీరు. లీటరు పెట్రోలు మండితే ఇంచుమించు లీటరు నీరే ఆవిరిగా... అవును. చల్లటి ఇంజన్‌లో ఆ ఆవిరి కొంత రింగుల సందుల్లోంచి కిందికి జారి నూనెలో కలుస్తుంది. మండని పెట్రోలు కూడా కొంత. దూరం నడిస్తే వేడికి ఎగిరిపోతుంది. మూడు కిలోమీటర్లకు ఎగరదు.

మేస్త్రి: నేనది ఆయిల్ మూత వెనక మీగడలాంటి తెల్లటి జిడ్డు చూసి చెబుతాను. మీరు సమీకరణం రాసి చెబుతారు. విజయవాడ నుంచి హైదరాబాద్ తిరిగే బండి పది వేలు సుఖంగా లాగుతుంది. మీలా ఊళ్లో తిరిగే బండికి ఏడాది దాటకూడదు. తక్కువ తిరుగుతున్నాం కదా అనుకునేవాళ్ల ఇంజన్లే నా దగ్గరికి ముందొస్తాయి.

మా ఆయన మారు మాట్లాడలేదు. గరాటు పెట్టి నూనె పోశారు. స్టార్ట్ చేస్తే రెండు మూడు సెకన్లలో లైటు ఆరింది. ఎక్సలేటరు తొక్కకుండా ఒక నిమిషం ఉంచి ఆపారు. తమ్ముడు కిందికి వంగి బోల్టు దగ్గరా ఫిల్టరు దగ్గరా తెల్ల కాగితం రుద్ది చూశాడు, తడి లేదు. ఐదు నిమిషాల తర్వాత డిప్‌స్టిక్ తుడిచి, ముంచి తీస్తే రెండు గీతల నడిమికి వచ్చింది. కాస్త పోసి పై గీతకు కొంచెం కిందకు తెచ్చి ఆపేశారు. పై గీత దాటితే ఎక్కువైన నూనెను క్రాంక్ చిలుకుతుంది, నురగ లేస్తుంది, నురగకు పట్టు ఉండదు. తక్కువైతే ఎంత ప్రమాదమో ఎక్కువైనా ప్రమాదమేనని ఇద్దరూ ఒకే గొంతుతో చెప్పారు. ఖాళీ నూనె డబ్బాను తమ్ముడు కత్తితో కోసి రెండు చేశాడు. ఎందుకని అడిగితే, అలాగే పారేస్తే కల్తీ నూనె నింపి అమ్మేవాళ్ల చేతికి పోతుందన్నాడు.

పని అయిపోయిందనుకుని నేను లేవబోయాను. అప్పుడు తమ్ముడు పళ్లెంలోని పాత నూనె చూపించాడు.

మేస్త్రి: దీన్నేం చేస్తారు?

మాస్టారు: డబ్బాలో పోసి పెడతాను. పెరట్లో ఇంకో మూడున్నాయి.

మేస్త్రి: ఐదోసారి కదా ఇది? ఒకటి తక్కువైంది.

మాస్టారు: మొదటి ఏడుది పక్క వీధిలో ఇల్లు కడుతుంటే సెంట్రింగ్ రేకులకు రాసుకుంటామని అడిగారు. ఇచ్చేశాను. చెదలకు తలుపులకు రాస్తామని కూడా అడుగుతుంటారు.

మేస్త్రి: ఇవ్వకండి బావా. వానకు కారి మట్టిలోకి దిగుతుంది. చేత్తో రాసేవాళ్ల ఒంటికీ మంచిది కాదు. అందుకే కదా మీరు గ్లౌజులు వేసుకున్నది.

మాస్టారు: తెలుసు. కాలిన నూనెలో అరిగిన లోహాలుంటాయి, కేన్సర్ తెచ్చే పదార్థాలుంటాయి. తెలిసే ఇచ్చాను. అడిగినవాణ్ణి కాదనలేక. అది నా తప్పు.

నా చేతిలో పని ఆగిపోయింది. మా తెనాలి నడుమ మూడు కాలువలు పారుతున్నాయి. కృష్ణ నీళ్లు అవి. డెల్టా అంతటా పొలాలకు పారేదీ చెరువుల్లో నిండి మనుషులు తాగేదీ కాలువ నీళ్లే. ఒక్క కారు ఆయిల్ మార్పులో వచ్చే పాత నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్క చెబుతుంది. ఆ లెక్క మా ఆయనే చదివి వినిపించారు ఒకప్పుడు. మరి వీధి కాలువలో ఒక్కరు ఒంపినా ఎంత?

మాస్టారు: నన్ను అడిగావు సరే. నీ షెడ్డులో రోజూ పదో పాతికో లీటర్లు దిగుతుంది. నువ్వు ఎవరికిస్తున్నావు?

తమ్ముడు వెంటనే చెప్పలేదు. చేతులు బనియన్ వేస్టుతో చాలాసేపు తుడుచుకున్నాడు.

మేస్త్రి: మొన్న మొన్నటిదాకా ఎవడు రూపాయి ఎక్కువిస్తే వాడికే పోశాను. డ్రమ్ము తీసుకెళ్లేవాడు ఎక్కడికి తీసుకెళ్తాడో అడగలేదు. బట్టీల్లో కాలుస్తారని తెలుసు. వడగట్టి కొత్త డబ్బాల్లో నింపి అమ్ముతారనీ తెలుసు. 2016 రూల్సు ప్రకారం ఇది ప్రమాదకర వ్యర్థం. కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ కంపెనీలు కూడా పాత నూనె శుద్ధికి బాధ్యత వహించాలని వచ్చింది. అప్పటి నుంచి అనుమతి ఉన్నవాడికే ఇస్తున్నాను. రేటు కొంచెం తక్కువ. రసీదు ఇస్తాడు. ఫిల్టర్లు కూడా బోర్లించి నూనె కారనిచ్చాకే ఇస్తాను.

మాస్టారు: అయితే ఇవన్నీ నీ డ్రమ్ములో కలుపు.

మేస్త్రి: కలుపుతాను. నీళ్లు గానీ కూలెంట్ గానీ బ్రేక్ ఆయిల్ గానీ కలవలేదు కదా? కలిస్తే శుద్ధికి పనికిరాదు.

మాస్టారు: కలవలేదు. ఒక్కో డబ్బా మీద తేదీ రాసి ఉంది.

మేస్త్రి: మళ్లీ ఏడాది మాత్రం కారు షెడ్డుకు తెండి. లిఫ్టు ఎక్కిస్తాను. పానా మీరే పట్టండి, నేను పక్కన నిలబడతాను.

మాస్టారు: ఆలోచిస్తాను.

ఆలోచిస్తాననే అన్నారు గానీ, వస్తానని అనలేదు. వాడు వెళ్లిపోయాక మా ఆయన నోటుబుక్కులో తేదీ, కిలోమీటర్లు, నూనె గ్రేడు, ఫిల్టరు నంబరు రాసుకున్నారు. కింద కొత్తగా ఒక గడి గీసి ‘పాత నూనె ఎవరికిచ్చాం’ అని రాశారు.

నాలుగు డబ్బాలు, పన్నెండు లీటర్ల దాకా నూనె, ఆ సాయంత్రం మా తమ్ముడి కారు డిక్కీలో విజయవాడ వెళ్లింది. మీ పెరట్లోనూ అలాంటి డబ్బా ఒకటి మూల పడి ఉంటే, దయచేసి కాలువలో పోయకండి, అడిగినవాళ్లకల్లా ఇవ్వకండి. మీ మెకానిక్ పాత నూనె ఎవరికిస్తున్నాడో, రసీదు తీసుకుంటున్నాడో లేదో ఒక్కసారి అడిగి, ఈ వారమే అతని చేతికివ్వండి.